పిప్పళ్ళు: పోషకమా, పాచకమా?

తెలుగువారి పోపుల పెట్టెలో నేడు పిప్పళ్ళకు చోటు లేదు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరపకాయలు నిత్యము చేతికందునట్లు ఉండును గాని, పిప్పళ్ళు కావలసినచో పచారీ దుకాణములో అడిగి తెచ్చుకొనవలెను. ఇంటిలో పురుడు వచ్చినపుడో, పిల్లలకు జలుబు దగ్గులు పట్టినపుడో మాత్రమే వాటి పేరు వినబడును. అయినను పిప్పళ్ళను గూర్చిన వ్రాతలకు కొదువ లేదు. ఆరోగ్య శీర్షికలలోను, వంటల పుస్తకములలోను, వైద్య చిట్కాల సంపుటములలోను అవి తరచుగా కనబడుచునే ఉండును.

ఈ వ్రాతలలో చాలవరకు ఒకే అచ్చున పోసినట్లుండును. మొదట పోషక విలువల పట్టిక, తరువాత ఒక పెద్ద శాతము, చివరకు ప్రాచీనుల ప్రశంస. ఈ మూడింటిలో ఏది ఎంతవరకు నిలుచునో పరిశీలించుట అవసరము. ఏలయన, వీటిని చదివి ఇంటిలో పథ్యము నిర్ణయించువారు ఉన్నారు. తరగతిలో పాఠముగా చెప్పువారును ఉన్నారు.

పేరు, మొక్క

ముందుగా వస్తువేదో తెలియవలెను. పిప్పలి తీగ జాతి మొక్క. శాస్త్రీయ నామము పైపర్ లాంగమ్. మిరియపు తీగ పైపర్ నైగ్రమ్. తమలపాకు తీగ పైపర్ బీటిల్. మూడును ఒకే ప్రజాతికి చెందిన తోబుట్టువులు. తమలపాకును ఎరిగిన విద్యార్థి పిప్పలి ఆకును చూచినచో ఆ పోలికను వెంటనే గుర్తింపగలడు. మిరియపు గింజ ఒక్కటి ఒక్క పండు. పిప్పలి అట్లు కాదు. ఒక కాడ చుట్టును అనేకమైన చిన్న చిన్న పండ్లు ఒకదానికొకటి అతుక్కొని ఏర్పడిన కంకి అది. పచ్చిగా ఉండగనే కోసి ఎండబెట్టినచో నలుపు కలిసిన బూడిద రంగునకు తిరుగును. దీని వేరునే మోడి అని, పిప్పలీమూలమని అందురు. విశాఖ మన్యములో, అనగా నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ ప్రాంతములలో, ఈ తీగను ముఖ్యముగా వేరు కొరకే సాగుచేయుట కలదు.

వ్రాతలలోని మొదటి లోపము ఇక్కడనే బయటపడును. సంస్కృతమున పిప్పలి వేరు, పిప్పలము వేరు. పిప్పలమనగా రావిచెట్టు. ఈ రెండింటి గుణములను కలగలిపి వ్రాసిన సందర్భములు లేకపోలేదు. గజపిప్పలి అని అంగడిలో అమ్మునది చేమ కుటుంబమునకు చెందిన వేరొక తీగ కాయ. పేరులో పిప్పలి ఉన్నంత మాత్రమున గుణములొకటి కానేరవు.

పేరు విషయమున పిప్పలికి జరిగిన అన్యాయమొకటి ఉన్నది. పిప్పలి అను మాటయే గ్రీకులో పెపెరి అయి, లాటిన్‌లో పైపర్ అయి, ఆంగ్లమున పెప్పర్ అయినది. కాని నేడు పెప్పర్ అన్నచో లోకమునకు గుర్తు వచ్చునది మిరియము. పూర్వము రోములో పరిస్థితి అట్లు లేదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున ప్లినీ వ్రాసిన ప్రకృతి చరిత్రలో ధరలు ఇచ్చినాడు: పౌను పిప్పళ్ళు 15 దినారములు, తెల్ల మిరియాలు 7, నల్ల మిరియాలు 4. నల్ల మిరియాల కన్న దాదాపు నాలుగు రెట్లు విలువ గల సరుకు క్రమముగా వెనుకబడిపోయినది. 16వ శతాబ్దమున పోర్చుగీసు వారి ద్వారా అమెరికా ఖండపు మిరపకాయ మన దేశమునకు వచ్చి, పెరటిలోనే పండు చౌక కారమైనది. పిప్పలి నిత్యపు వంటిల్లు వదలి మందుల పెట్టె చేరినది.

వంటలో పిప్పలి

అయినను వంటనుండి అది పూర్తిగా తొలగిపోలేదు. తెలుగునాట బాలింతలకు పెట్టు కారపు పొడిలో శొంఠి, మిరియాలతో పాటు పిప్పళ్ళు గాని మోడి గాని చేరును. దానిని వేడి అన్నములో నేతితో కలిపి మొదటి ముద్దగా తినిపింతురు. తమిళుల ఇండ్లలో తిప్పిలి రసము నేటికిని ఉన్నది. గుజరాతులో మోడి పొడిని బెల్లము, నేయి చేర్చిన జావలో కలిపి బాలింతలకు ఇత్తురు. ఖుల్నా ప్రాంతపు బెంగాలీలు పిప్పలికి దగ్గరి బంధువైన చవ్యపు తీగ ముక్కలను మాంసముతో కలిపి వండుదురు.

ఈ వంటకములను చూచినచో ఒక సామాన్య లక్షణము కనబడును. పిప్పలి చేరినచోట తరచుగా నేయియో, నూనెయో, మాంసపు కొవ్వో ఉండును. దీనికి రసాయనిక కారణము కలదు. పిప్పలి కారమునకు ప్రధాన కారణము పైపరిన్ అను పదార్థము. దీనిని 1819లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హన్స్ క్రిస్టియన్ అయిర్‌స్టెడ్ మిరియాలనుండి వేరుచేసెను. విద్యుత్ ప్రవాహము అయస్కాంత సూచిని కదల్చునని 1820లో కనుగొన్నవాడు ఇతడే. పైపరిన్ నీటిలో దాదాపు కరుగదు. కొవ్వులోను, ఆల్కహాలులోను బాగుగా కరుగును. కావున పిప్పలి పొడిని ఉత్త నీటిలో మరిగించుట కన్న, ముందు కొంచెము నేతిలో వేయించి తరువాత చారులో కలిపినచో కారము బాగుగా దిగును. సువాసననిచ్చు తైలము మాత్రము ఆవిరియగు స్వభావము గలది. ఎక్కువసేపు మరిగించినచో అది పోవును. కావున పిప్పళ్ళను దోరగా వేయించి, అప్పటికప్పుడు దంచి, వంట ముగియు వేళకు చేర్చుట మంచి పద్ధతి. వెలుతురు తగిలినచో పైపరిన్ రూపము మారి కారము తగ్గును గనుక పొడిని గాజు సీసాలో పెట్టి కిటికీలో ఉంచరాదు. వంటల పుస్తకములు చెప్పవలసిన సంగతులు ఇవి. ఇవి చెప్పక, విటమినుల జాబితా ఇచ్చి ఊరకుండుట పరిపాటియైనది.

పట్టిక చెప్పునది, చెప్పనిది

ఇక ఆ జాబితా సంగతి. ఆహార పదార్థముల పోషక విలువలను 100 గ్రాములకు లెక్కగట్టి ఇచ్చుట శాస్త్ర సంప్రదాయము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలును ఈ విధముగనే ఉన్నవి. వేర్వేరు పదార్థములను పోల్చుటకు ఒక కొలమానము కావలెను గనుక ఈ పద్ధతి సరియైనదే. తప్పు పట్టికది కాదు. దానిని చదివెడి విధానముది.

పిప్పలికి దగ్గరి బంధువైన మిరియమును ఉదాహరణగా తీసికొనవచ్చును. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారము 100 గ్రాముల మిరియాలలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 443 మిల్లీగ్రాముల కాల్షియము, 9.7 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నవి. శక్తి 251 కిలో కాలరీలు. ఈ అంకెలను చూచినవారికి మిరియము ఒక బలమైన ఆహారమని తోచుట సహజము. కాని 100 గ్రాముల మిరియాలు ఎవరు తినగలరు? నలుగురుండు ఇంటిలో చారునకు వేయు పొడి ఒక చిన్న చెంచాడు, అనగా సుమారు 2 గ్రాములు. మనిషికి వచ్చునది అర గ్రాము. ఆ అర గ్రాములో కాల్షియము 2 మిల్లీగ్రాముల కన్న కొంచెము ఎక్కువ, ఇనుము 0.05 మిల్లీగ్రాము, శక్తి ఒక కిలో కాలరీ పైచిలుకు. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారము వయోజన స్త్రీకి దినమునకు కావలసిన ఇనుము 29 మిల్లీగ్రాములు, కాల్షియము 1000 మిల్లీగ్రాములు. పిప్పళ్ళను కూడ ఇంతకన్న ఎక్కువగా ఎవరును తినరు గనుక వాటి లెక్కయు ఇంచుమించు ఇట్లే ఉండును.

దీనికి ఎదురుగా రాగులను పెట్టి చూడవలెను. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. పట్టికలో ఇది మిరియాల అంకె కన్న తక్కువ. కాని 50 గ్రాముల రాగిపిండితో సంకటి చేసికొని తినినచో 175 మిల్లీగ్రాములు లభించును. పట్టికలో మిరియము గెలిచినది. పళ్ళెములో రాగి గెలిచినది. తినువాడు పట్టికను తినడు. కావున పోషక విలువను గూర్చి వ్రాయువారు 100 గ్రాముల అంకెతో పాటు ఒక పూటకు తినెడి పరిమాణమును కూడ తప్పక చెప్పవలెను. ఆ ఒక్క వాక్యము లేనందువలన సత్యమైన అంకెలే అసత్యమైన అభిప్రాయమును కలిగించుచున్నవి.

కారము చేయు పని

అట్లయినచో పిప్పలికి ఆహారములో ప్రయోజనమే లేదా? ఉన్నది. కాని అది పోషణ కాదు, పాచనము. నాలుకపై పైపరిన్ తగిలినపుడు కలుగునది నిజమునకు రుచి కాదు. వేడిని, నొప్పిని తెలిసికొను నాడుల కొసలలో టి.ఆర్.పి.వి.1 అను గ్రాహకము ఉన్నది. మిరపకాయలోని క్యాప్సైసిన్, మిరియము పిప్పళ్ళలోని పైపరిన్ దీనినే ప్రేరేపించును. క్యాప్సైసిన్ సహాయమున ఈ గ్రాహకమును 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానము లభించినది. ఈ ప్రేరణ వలన నోట లాలాజలము ఊరును. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఎలుకలపై జరిగిన పరిశోధనలలో, ఆహారముతో పైపరిన్ ఇచ్చినపుడు క్లోమములోని జీర్ణక ఎంజైముల చర్య హెచ్చినట్లు తేలినది. దీపనము, పాచనము అని పూర్వులు పిలిచిన గుణమునకు ఇది కొంతవరకు ఆధారమే. అయితే ఎలుకలలో కనబడిన ఫలితము మనుష్యులలో అంత పరిమాణములోనే ఉండునని తీర్మానింపరాదు.

రెండువేల శాతము

ఇక ఆ పెద్ద శాతము. పసుపులోని కుర్కుమిన్ రక్తములో చేరుట మిక్కిలి కష్టము. 1998లో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు మనుష్యులకు 2 గ్రాముల కుర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి ఇచ్చినపుడు, రక్తములో దాని లభ్యత 2000 శాతము పెరిగినట్లు ప్రకటించిరి. ఈ అంకె నాటినుండి పిప్పళ్ళ వ్రాతలన్నిటికి అలంకారమైనది. "పసుపుతో చిటికెడు పిప్పలి కలిపిన చాలును, పసుపు బలము ఇరువది రెట్లు" అని చెప్పుట సాధారణమైనది.

లెక్క వేసి చూడవలెను. పసుపు పొడిలో కుర్కుమిన్ సుమారు 3 శాతము. 2 గ్రాముల కుర్కుమిన్ కావలెనన్నచో 60 గ్రాములకు పైగా పసుపు తినవలెను. కూరలో వేయునది చిటికెడు. పైగా పైపరిన్ లేనపుడు రక్తములో కుర్కుమిన్ దాదాపు కనబడనంత స్వల్పము. స్వల్పమైనది ఇరువది రెట్లయినను స్వల్పమే. పరిశోధన నిజము, దానిని వంటింటికి అన్వయించుటలో తర్కము తప్పినది.

అయితే ఈ లెక్కకు రెండవ పార్శ్వమున్నది. విమర్శకు అసలు కారణము ఇదియే. కుర్కుమిన్ పరిమాణము వంటింటికి అందనిది గాని, పైపరిన్ పరిమాణము అట్లు కాదు. మిరియాలలో పైపరిన్ 5 నుండి 9 శాతము వరకు ఉండును. అనగా 20 మిల్లీగ్రాముల పైపరిన్ అర గ్రాము లోపు మిరియాలలోనే ఉన్నది. పిప్పళ్ళలో శాతము సాధారణముగా కొంత తక్కువయైనను, ఉదయము సాయంత్రము తేనెలో చెంచాడు చొప్పున నాకువారికి ఆ పరిమాణము సులభముగానే అందును. శరీరము అన్య పదార్థములను విరిచి బయటకు పంపుటకు కాలేయములోను ప్రేగులలోను కొన్ని ఎంజైములను, వాహకములను ఏర్పరచుకొన్నది. పైపరిన్ వాటిలో కొన్నింటిని అడ్డగించును. కుర్కుమిన్ రక్తములో నిలుచుటకు కారణము ఇదియే. ఈ అడ్డు కుర్కుమిన్‌కు మాత్రమే పరిమితము కాదు. మందుబిళ్ళకు కూడ వర్తించును.

ఈ సంగతి క్రొత్తది కాదు. త్రికటువు, అనగా శొంఠి మిరియాలు పిప్పళ్ళు, అంత విరివిగా ఆయుర్వేద యోగములలో ఎందుకు చేరునో విచారించుచు, జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయమునకు చెందిన సి. కె. అటల్ 1979లో ఈ విషయమును వెలుగులోనికి తెచ్చెను. ఆ కృషి ఫలముగా 2009లో ఒక క్షయ మందుకు అనుమతి లభించినది. సాధారణముగా 450 మిల్లీగ్రాములు ఇచ్చు రిఫాంపిసిన్‌ను 200 మిల్లీగ్రాములకు తగ్గించి, 10 మిల్లీగ్రాముల పైపరిన్ చేర్చి చేసినది ఆ మందు. 10 మిల్లీగ్రాములు మందు మోతాదును సగమునకు పైగా తగ్గింపగలిగినచో, అదే పదార్థము వైద్యునికి తెలియకుండ కడుపులో చేరినపుడు మోతాదు పెరుగుటకును అవకాశమున్నది గదా! 1991లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, వారము దినములు రోజునకు 20 మిల్లీగ్రాముల పైపరిన్ తీసికొన్న ఆరోగ్యవంతుల రక్తములో ప్రొప్రనలాల్, థియోఫిలిన్ అను మందుల పరిమాణము హెచ్చినది. మూర్ఛకు వాడు ఫెనిటాయిన్ విషయములోను ఇట్టి ఫలితమే కనబడినది. ఈ మందులలో థియోఫిలిన్, ఫెనిటాయిన్‌లకు గుణము చేయు మోతాదునకు, కీడు చేయు మోతాదునకు నడుమ దూరము కొద్దిది.

దీనివలన చారు త్రాగుటకు భయపడవలసిన పని లేదు. కాని మూర్ఛకో, ఉబ్బసమునకో, గుండె జబ్బునకో ప్రతిదినము మందు వాడువారు పిప్పలి పొడిని నియమముగా సేవింపదలచినచో ముందు వైద్యునికి చెప్పవలెను. గర్భిణులును ఔషధ పరిమాణములో దీనిని స్వయముగా వాడరాదు. పిప్పళ్ళను పొగడు వ్రాతలలో ఈ హెచ్చరిక అరుదుగా కనబడును. పోషణ విషయమున దానికి లేని బలమును చాటుచు, మందుల విషయమున దానికి ఉన్న బలమును చెప్పక విడుచుచున్నారు. ఇది వీటిలోని ముఖ్య దోషము.

ప్రాచీనుల మాట

ప్రాచీనుల ప్రశంసను ఉదాహరించుటలోను ఇట్టి పక్షపాతమే ఉన్నది. చరక సంహిత చికిత్సా స్థానములో పిప్పలిని రసాయనముగా వాడెడి విధానములు ఉన్నవి. వాటిని అందరును పేర్కొందురు. అదే గ్రంథము విమాన స్థానపు మొదటి అధ్యాయములో, అతిగా వాడరాని ద్రవ్యములు మూడింటిని చెప్పినది: పిప్పలి, క్షారము, లవణము. తగిన మోతాదులో కొలదికాలము వాడినచో మేలు చేయునని, అదే పనిగా వాడినచో దోషములను పెంచునని ఆ అధ్యాయపు భావము. ఉప్పు విషయమున నేటి వైద్యులు చెప్పునదియు ఇదియే. ప్రశంసను తీసికొని హెచ్చరికను వదలువారు ప్రాచీనులను గౌరవించినట్లు కాదు.

బాలింత పళ్ళెము

ఇదంతయు పండితుల చర్చగా తోచవచ్చును. కాని బాలింత పళ్ళెములో దీని ఫలితము కనబడును. బిడ్డకు పాలిచ్చు మొదటి ఆరు మాసములలో తల్లికి దినమునకు అదనముగా 600 కిలో కాలరీల శక్తి, 17 గ్రాముల మాంసకృత్తులు కావలెనని పైన చెప్పిన 2020 నిర్ణయములు తెలుపుచున్నవి. కొన్ని ఇండ్లలో పథ్యము పేర పప్పు, ఆకుకూరలు, పెరుగు, పండ్లు మాన్పించి, నీరు సైతము కొలిచి ఇచ్చి, కారపు పొడి అన్నము మాత్రము పెట్టుదురు. అడిగినచో "పిప్పళ్ళలో ఇనుమున్నది, బలము వచ్చును" అందురు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశములో 58.8 శాతము, తెలంగాణలో 57.6 శాతము. ఈ లోటును చిటికెడు పొడి తీర్చజాలదు. ఆ పొడి కలిపిన మొదటి ముద్ద ఆకలి పుట్టించినచో మంచిదే. ఆ ఆకలికి తగిన పప్పు, ఆకుకూర, పాలు, గ్రుడ్డు తరువాతి ముద్దలలో ఉండవలెను. ఆకలి పుట్టించి అన్నము పెట్టకుండుట ఏమి పథ్యము?

తరగతిలో

ఉపాధ్యాయులు ఈ పాఠమును ఖర్చు లేకుండ చెప్పవచ్చును. పది పిప్పళ్ళను త్రాసులో తూచి పదింట భాగించినచో ఒక్కొక్క దాని బరువు తెలియును. పట్టికలోని అంకెను ఆ బరువునకు తగ్గించి, దినమునకు కావలసిన పరిమాణముతో పోల్చుటను విద్యార్థుల చేతనే చేయింపవలెను. తరువాత చిటికెడు పొడిని ఒక గిన్నెలో గోరువెచ్చని నీటితోను, మరొక గిన్నెలో గోరువెచ్చని నేతితోను కలిపి, కొంతసేపు ఉంచి, గుడ్డలో వడగట్టి, ఒక్కొక్క చుక్క నాలుకకు తాకించినచో కారము దేనిలో దిగినదో తెలియును. మొదటిది గణితము, రెండవది రసాయన శాస్త్రము.

పిప్పలి మంచి దినుసు. దాని పరిమళము మిరియమునకు లేదు. దానిని మరల వంటింటికి తెచ్చుట వాంఛనీయమే. అయితే దానిని రుచి కొరకు, అరుగుదల కొరకు తేవలెను గాని, పప్పునకు, పాలకు బదులుగా కాదు. ఇకమీదట పిప్పళ్ళను గూర్చి వ్రాయువారు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పిన చాలును: ఎంత తినవలెను? దేనితో తినవలెను? ఎవరు తినరాదు? ఈ మూడును లేని వ్యాసము ఎన్ని అంకెలు చూపినను చదువరికి ఉపకరింపదు.